కాలు నీటి లోతు చెబుతుంది, ముక్కు బురద లోతు

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచి వెళ్తుంది. డిసెంబరులోనో జనవరిలోనో అటకానితిప్ప దగ్గర బండి ఆపి చూస్తే రెండు వైపులా కాళ్లే కాళ్లు. గులాబీ రంగువి, ఎర్రవి, పచ్చనివి, బూడిద రంగువి. పక్కన ఆగిన కారులోంచి దిగిన పిల్లాడు "నాన్నా, అదేం పిట్ట?" అంటాడు. నాన్న తడుముకోడు. "కొంగరా." పిల్లాడు ఇంకోటి చూపిస్తాడు. "అదీ కొంగే."

ఆ నాన్నను చూసి నవ్వడానికి లేదు. నీటి ఒడ్డు పిట్టలకు మన భాషలో పేర్లేం తక్కువ కాదు. తీతువు ఉంది, కంకణం ఉంది, గూడకొంగ, నత్తగొట్టు కొంగ, తెడ్డుమూతి కొంగ ఉన్నాయి, చెరువులో మునిగి ఎక్కడో తేలే బుడుబుంగ ఉంది. కానీ పెద్ద కొంగలకూ పిడికెడంత పిట్టలకూ నడుమ, పావురం సైజు నుంచి కోడిపెట్ట సైజు దాకా, పొడుగు కాళ్ల గుంపు ఒకటుంది. వాటి దగ్గరికొచ్చేసరికి 'ఉల్లంకి' అని ఒక్క మాటతో సరిపెట్టేశాం. ఆ మాట కింద ఇరవైకి పైగా జాతులు ఇరుక్కుని ఉన్నాయి.

పోనీ పుస్తకం తెరుద్దామంటే అది ఇంకో తలనొప్పి. పేజీ నిండా బొమ్మలు, అన్నింటికీ బూడిద వీపు, తెల్ల పొట్ట, పొడుగు ముక్కు. ఏది ఏదో అర్థం కాక పుస్తకం మూసేసి ఫ్లెమింగోల వైపు తిరుగుతారు చాలామంది. నేనూ అలా తిరిగినవాణ్నే. ఈ చిక్కుముడి నాకు విడివడింది ఎప్పుడంటే, పిట్ట ఎలా ఉందో చూడటం కాసేపు ఆపి, అది ఎలా తింటోందో చూడటం మొదలుపెట్టాక. రంగు ఈ పిట్టల విషయంలో నమ్మదగ్గ సాక్షి కాదు. తిండి మాత్రం అబద్ధమాడదు.

రంగు ఎందుకు పనికిరాదో ముందు చెప్పాలి. వీటిలో ఎక్కువ భాగం ఎండాకాలంలో సైబీరియా, మధ్య ఆసియా వైపు గుడ్లు పెట్టి, ఆగస్టు, సెప్టెంబరు నుంచి మన దగ్గరికి దిగుతాయి. మార్చి, ఏప్రిల్ కల్లా తిరుగు ప్రయాణం. పెళ్లి బట్టలు అక్కడ, ఇంటి బట్టలు ఇక్కడ. బ్లాక్ టెయిల్డ్ గాడ్‌విట్ అనే పిట్టకు అక్కడ మెడా రొమ్మూ ఇటుక రంగులో ఉంటాయి, మన దగ్గర ఉన్నన్నాళ్లూ మట్టి రంగే. స్పాటెడ్ రెడ్‌షాంక్ అక్కడ నల్లగా బొగ్గులా ఉంటుంది, ఇక్కడ పాలిపోయిన బూడిద. ఆ ఏడాది పుట్టిన పిల్లలది మూడో వేషం. ఒకే పిట్టకు మూడు రంగులు, మూడు పిట్టలకు ఒకే రంగు! కాలు పొడుగు, ముక్కు వంపు, తినే పద్ధతి మాత్రం ఏ నెలలో చూసినా అవే.

ముందుగా కొంగను పక్కన పెడదాం. కొంగ జపం అనే మాట మనవాళ్లు ఊరికే పుట్టించలేదు. కొంగ కదలకుండా నిలబడుతుంది, మెడను ముడిచి ఉంచుతుంది, చేప దగ్గరికొచ్చాక బాణంలా వదులుతుంది. ఎగిరేటప్పుడు కూడా మెడను భుజాల మధ్యకు లాక్కుంటుంది. మనం మాట్లాడుకునే పిట్టలకు ఆ ఓపిక లేదు. ఆకలేసినప్పుడు అవి నిలబడవు, నడుస్తూనే ఉంటాయి, గుచ్చుతూనో ఏరుతూనో ఉంటాయి. ఎగిరితే మెడ ముందుకు, రెక్కలు కొసదేలి ఉంటాయి. బంధుత్వం చూసినా కొంగ గూడకొంగల వైపు చుట్టం, ఇవి తీతువు వైపు చుట్టాలు. ఫ్లెమింగోది మరీ వింత, దానికి అతి దగ్గరి చుట్టం ఆ పొట్టి బుడుబుంగ.

మునివేళ్ల మీద నడిచే పిట్ట

పొడుగు కాళ్ల గురించి మాట్లాడాలంటే బ్లాక్ వింగ్డ్ స్టిల్ట్‌తోనే మొదలుపెట్టాలి. నల్ల రెక్కలు, తెల్ల ఒళ్లు, గులాబీ కర్రకాళ్లు. హైదరాబాదు చెరువుల్లో, కోస్తా ఉప్పుమడుల్లో, ఊరి చివర మురుగు నిలిచిన గుంటల్లో, ఎక్కడైనా కనిపిస్తుంది. ముక్కు కొస నుంచి తోక దాకా 35 నుంచి 40 సెంటీమీటర్లుంటే, కాళ్లే 17 నుంచి 24 సెంటీమీటర్లు. ఒంటితో పోల్చి చూస్తే, ఫ్లెమింగోలను మినహాయించి, ఇంత పొడుగు కాళ్లు ఇంకే పక్షికీ లేవంటారు. గాల్లోకి లేచాక కాళ్లు తోక దాటి వెనక దారాల్లా వేలాడుతూ వస్తాయి.

దాని మోకాలు వెనక్కి వంగుతుందని అందరూ అనుకుంటారు. మనకు కనిపించేది మోకాలు కాదు, చీలమండ. అసలు మోకాలు పొట్ట ఈకల్లో దాగి ఉంటుంది. అంటే స్టిల్ట్ బతుకంతా మునివేళ్ల మీదే నడుస్తోందన్నమాట. కాళ్ల పొడుగులో చాలా భాగం పాదం ఎముక సాగడం వల్ల వచ్చిందే.

ఇంత కాలికి ముక్కు మాత్రం ఆరేడు సెంటీమీటర్లే, సూదిలా సన్నగా, నిటారుగా. ఈ రెండు కొలతలూ కలిపి చూస్తే దాని వంటిల్లు ఎక్కడో తెలిసిపోతుంది. పొడినేల మీద దాని అవస్థ చూడాలి. ముక్కు నేలకు అందక, నడుం దగ్గర తూగి, ఒళ్లంతా ముందుకు వంచి, తోక పైకెత్తి ఒక్కో పురుగును ఏరుకుంటుంది. అదే పిట్ట కాళ్లు మునిగేంత నీళ్లలోకి దిగిందంటే అన్నీ సరిపోతాయి. పొట్ట నీటికి కాస్త పైన, ముక్కు సరిగ్గా నీటి మట్టానికి. నీటి మీద తేలే పురుగులు, ఈదే లార్వాలు, ఈగలు దాని తిండి. బురద లోపలికి అది గుచ్చడం తక్కువ. నీటి పైపొరలో భోజనం చేయడానికి వేసుకున్న కుర్చీ ఆ కాళ్లు.

ఇక్కడినుంచే ఒక లెక్క దొరుకుతుంది. కాలు పొడుగు పిట్ట ఎంత నీటిలో నిలబడగలదో చెబుతుంది. ముక్కు పొడుగు ఎంత లోతు బురదలోంచి తిండి లాగగలదో చెబుతుంది. ముక్కు వంపు ఆ తిండి ఏ రకమో చెబుతుంది. పులికాట్‌లో ఈ లెక్క కళ్లముందే నడుస్తుంది. ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా సరస్సు నిండుతుంది. అప్పుడు లోపలికి వెళ్లగలిగేవి ఫ్లెమింగోలు, ఆ తర్వాత స్టిల్ట్‌లు, ముక్కు పైకి తిరిగి ఉండే అవొసెట్‌లు. పొట్టి కాళ్లవన్నీ అంచుల్లో తచ్చాడుతుంటాయి. ఫిబ్రవరి, మార్చిలో నీరు తీసి బురద మైదానాలు బయటపడ్డాక పిడికిట్లో పట్టే లిటిల్ స్టింట్‌లు వందల కొద్దీ మధ్యకు పరుగెడతాయి.

స్టిల్ట్ మన దగ్గరే కాపురం పెట్టే పిట్ట. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా ఉప్పుమడుల గట్ల మీద, చెరువు మట్టిదిబ్బల మీద గుడ్లు పెడుతుంది. ఎండ దంచేస్తుంటే నీళ్లలోకి దిగి పొట్ట ఈకలు తడుపుకొని వచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. మే నెలలో పొడుగు కాళ్ల పిట్ట "కిక్ కిక్ కిక్" అని నెత్తి మీద గోల చేస్తూ తిరిగితే, గూడు మీ కాళ్ల దగ్గరే ఉందని అర్థం. వెనక్కి నడవండి.

కంటి మతం, ముక్కు మతం

తిండి వెతకడంలో ఈ పిట్టలవి రెండు మతాలు. ప్లవర్లది కంటి మతం, తీతువుదీ అదే. గుండ్రటి తల, పెద్ద కళ్లు, పొట్టి ముక్కు. నాలుగడుగులు పరుగు, టక్కున ఆగడం, ఒక్క పొడుపు, మళ్లీ పరుగు. ఆగడం ఎందుకంటే, కదిలే కంటికి చిన్న కదలిక తెలియదు. నిలబడితే బురద మీద పురుగు తల ఎత్తడం కూడా కనిపిస్తుంది. కొన్నిసార్లు ఒక కాలును బురద మీద గడగడలాడించి పురుగుల్ని కదిలిస్తాయి. దూరం నుంచి చూసి పిట్ట పేరు తెలియకపోయినా, పరుగు-ఆగు-పొడుపు కనిపించిందంటే అది ప్లవర్ల కుటుంబమని కళ్లు మూసుకుని రాసుకోవచ్చు.

గాడ్‌విట్‌లు, కర్లూలు, స్నైప్‌లది ముక్కు మతం. వీటికి తిండి కనపడదు, తగులుతుంది. ముక్కు దించుతూ ఎత్తుతూ బురదలో దేవులాడుతుంటే కళ్లు ఎటో చూస్తుంటాయి. గద్ద వస్తోందేమోనని చూసుకునే పని కళ్లది, కడుపు చూసుకునే పని ముక్కుది. ముక్కు అనగానే మనకు కొమ్ములాంటి గట్టి వస్తువు గుర్తొస్తుంది. వీటి ముక్కు కొస మాత్రం మన వేలికొస కన్నా సున్నితం. కొస ఎముకలో సన్నటి గుంతలు తేనెపట్టులా ఉంటాయి, ఒక్కో గుంతలో ఒత్తిడినీ అదురునూ పసిగట్టే హెర్బ్‌స్ట్ కణికలు గుంపులు గుంపులుగా ఉంటాయి.

ఇవి ఎంత పని చేస్తాయో 1998లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్త టూనిస్ పియర్స్‌మా, ఆయన సహచరులు బయటపెట్టారు. రెడ్ నాట్ అనే ఉల్లంకి జాతి పిట్టలకు తర్ఫీదిచ్చి, ఇసుక నింపిన బకెట్లు పెట్టారు. కొన్నింటిలో లోపల ఏదో పాతిపెట్టారు, కొన్నింటిలో లేదు. గుల్లలు పాతితే కనిపెట్టాయి, అందులో వింత లేదు, వాసనో కదలికో తెలిసి ఉండొచ్చు. కానీ ఉట్టి రాళ్లు పాతినా కనిపెట్టాయి. రాయికి వాసన లేదు, కదలదు. మరి ఎలా? తడి ఇసుకలో ముక్కు దించినప్పుడల్లా రేణువుల మధ్య ఉన్న నీరు పక్కకు తోసుకుపోతుంది. దారిలో గట్టి వస్తువు అడ్డొస్తే ఆ నీటికి పోయే తోవ ఉండదు, ఒత్తిడి పెరుగుతుంది. ఆ తేడాను ముక్కు కొస పట్టేస్తుంది. అంటే గుల్లను తాకనక్కర లేదు, కాస్త దూరం నుంచే తెలుస్తుంది. పొడి ఇసుకలో పెట్టేసరికి అవే పిట్టలు ఏమీ కనుక్కోలేకపోయాయి.

ఈ చివరి ముక్క గుర్తుపెట్టుకోవాలి. బురద ఆరితే ఈ ముక్కు గుడ్డిదవుతుంది. లోపల పురుగులు ఉన్నా సరే, తడి పోయిన చోట ఈ పిట్టలు నిలవవు. పోటు తీసిన వెంటనే తడి అంచు వెంబడి అవి ఎందుకు నడుస్తాయో దీన్నిబట్టి తెలుస్తుంది.

సరే, ముక్కుకు తగిలింది. పట్టుకోవడం ఎలా? పది సెంటీమీటర్ల ముక్కు బురదలో దిగి ఉండగా నోరు తెరవాలంటే చుట్టూ ఉన్న బురదనంతా తోసేయాలి. ఈ పిట్టలకు ఆ బాధ లేదు. పై ముక్కు ఎముక మధ్యలో వంగేలా ఉంటుంది కాబట్టి, మిగతా ముక్కు మూసి ఉండగానే కొస ఒక్కటే పట్టకారులా తెరుచుకుంటుంది. ఒడ్డున నిలబడి ఒళ్లు విరుచుకునే గాడ్‌విట్‌ను చూడండి, ముక్కు కొస మాత్రమే పైకి లేచి ఏదో విరిగినట్టు కనిపిస్తుంది. మొదటిసారి చూసినప్పుడు దెబ్బ తగిలిందనుకుని జాలిపడ్డాను.

నిటారు, కింది వంపు, పై వంపు

గాడ్‌విట్ తినేటప్పుడు రోట్లో రోకలి పడ్డట్టుంటుంది. ఒకే చోట నిలబడి నిలువుగా పోటు మీద పోటు. ఒక్కోసారి తల కళ్ల దాకా నీళ్లలో మునిగిపోతుంది. నిటారు ముక్కు నిలువు పోటుకు పుట్టింది. పైపైన ఏరే స్టిల్ట్ పక్కనే, అంతే లోతు నీళ్లలో, గాడ్‌విట్ నిలబడి ఉండొచ్చు. ఇద్దరికీ పోటీ లేదు, ఒకరిది పై అంతస్తు, ఒకరిది నేలమాళిగ.

గాడ్‌విట్‌లు మనకు రెండు. బ్లాక్ టెయిల్డ్‌ది నిటారు ముక్కు, మొదట్లో సగం గులాబీ. మంచినీళ్ల చెరువులు, ఉప్పునీటి సరస్సులు, వరిమళ్లు దాని చోట్లు. మళ్లలో రాలిన వడ్లు కూడా తింటుంది. ఎగిరితే అనుమానమే ఉండదు, రెక్క మీద తెల్ల చార, తెల్ల నడుం, నల్ల తోక. బార్ టెయిల్డ్‌ది ముక్కు రవ్వంత పైకి తిరిగి ఉంటుంది, వీపు మీద గీతలు, రెక్క మీద చార ఉండదు, కాళ్లు కాస్త పొట్టి. దాన్ని చెరువుల్లో కాదు, కాకినాడ తీరంలాంటి సముద్రపు బురద మైదానాల్లో వెతకాలి. రెండింటిలోనూ ఆడపిట్ట పెద్దది, దాని ముక్కు పొడుగు, అందువల్ల మగదానికన్నా లోతు నీళ్లలో మేస్తుంది. ఒకే గుంపులో ముక్కులు వేరువేరు పొడుగుల్లో కనిపిస్తే రెండు జాతులని కంగారు పడొద్దు, ఆలుమగలు కావచ్చు.

బార్ టెయిల్డ్ గాడ్‌విట్ గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. 2022లో అలాస్కాలో పుట్టిన పిల్ల ఒకటి, పుట్టి కొన్ని నెలలే అయింది, వీపు మీద చిన్న ట్రాన్స్‌మిటర్‌తో బయలుదేరి 11 రోజులు ఎక్కడా దిగకుండా టాస్మేనియా చేరింది. 13,560 కిలోమీటర్లు. తిండి లేదు, నీళ్లు లేవు. ప్రయాణానికి ముందు ఈ పిట్టలు ఒంటినిండా కొవ్వు పట్టించుకుని, జీర్ణాశయాన్నీ పేగుల్నీ కుదించుకుంటాయి, దారిలో వాడని సామాను బరువెందుకని. ఆ కొవ్వంతా బురదలో పోటు మీద పోటు వేసి సంపాదించిందే. మన బురదలో దిగేవి వేరే దారుల్లో వచ్చే పిట్టలు, ఇంధనం మాత్రం అదే.

కిందికి వంగిన ముక్కుకు పెద్ద కర్లూ. కోడిపెట్టంత ఒళ్లు, దానికి 10 నుంచి 15 సెంటీమీటర్ల వంపు ముక్కు. కంకణం పిట్టకూ ఇలాంటి ముక్కే ఉంటుంది కానీ, కంకణం నల్లగానో తెల్లగానో దిట్టంగా ఉంటుంది, కర్లూ ఒంటినిండా మట్టి రంగు చారలు. ఈ వంపు ఎందుకో తెలియాలంటే పీత బొరియలోకి తొంగిచూడాలి. పీత బొరియ బావిలా నిలువుగా ఉండదు, కాస్త దిగి పక్కకు మళ్లుతుంది. నిటారు ముక్కు మలుపు దగ్గరే ఆగిపోతుంది. వంపు ముక్కును దించి తలను అటూ ఇటూ తిప్పితే కొస మలుపు దాటి లోపలంతా తడుముతుంది. కర్లూ తినేటప్పుడు మెడను మెలిపెట్టినట్టు తిప్పడం అందుకే. పీతను లాగాక కాళ్లు రాలేదాకా విదిల్చి, ఒళ్లు మింగేస్తుంది.

వింబ్రెల్ కర్లూకు తమ్ముడిలాంటిది. ముక్కు పొట్టి, వంపు ముక్కంతా కాకుండా కొస వైపున వస్తుంది, నడినెత్తిన పాపిడిలా లేత గీత, దానికి అటూ ఇటూ ముదురు పట్టీలు. తినే తీరూ వేరు, లోతుగా తడమడం కన్నా బురద మీద తిరిగే పీతలను కంటితో చూసి తరిమి పట్టడం దీనికిష్టం. కోరింగ మడ అడవుల అంచున ఒక చెయ్యి చిన్నదీ ఒకటి పెద్దదీ ఉండే పీతలు గుంపులుగా తిరుగుతుంటాయి, అక్కడ నిలబడితే ఆ వేట చూడొచ్చు. ఎగిరేటప్పుడు వింబ్రెల్ ఒకే స్థాయిలో ఏడు సార్లు గబగబా కూస్తుంది, కర్లూ "కుర్లీ" అని సాగదీస్తుంది. చీకట్లో కూడా తేడా తెలుస్తుంది.

పైకి తిరిగిన ముక్కు అవొసెట్‌ది. నలుపు తెలుపు ఒళ్లు, నీలి బూడిద కాళ్లు. స్టిల్ట్‌తో పొరబడేవాళ్లు దీన్ని తింటుండగా ఒక్కసారి చూస్తే చాలు, మళ్లీ పొరబడరు. అది గుచ్చదు, ఏరదు, కోస్తుంది. వరికోతల్లో కొడవలి ఊపినట్టు తలను కుడి ఎడమలకు ఊపుతూ ముందుకు నడుస్తుంది. పైకి వంగి ఉండటం వల్ల ముక్కు కొస భాగం బురద పైపొరకు సమానంగా ఆనుతుంది. నోరు సందుగా తెరిచి ఉంటుంది, చిన్న రొయ్యలాంటి జీవులేవైనా తగలగానే మూసుకుంటుంది. చూపుతో పని లేదు కనక నీరు ఎంత చిక్కబడినా, రాత్రయినా దానికి ఒకటే. వేళ్ల మధ్య పొర ఉంటుంది కాబట్టి కాళ్లు అందకపోతే ఈదుతుంది, బాతులా తోక పైకెత్తి తల ముంచుతుంది. ఉప్పుమడులు దీనికి విందు భోజనం.

ఫ్లెమింగో ఈ కుటుంబం కాదని చెప్పాను, అయినా అవొసెట్ పక్కనే కనిపిస్తుంది కనక రెండు ముక్కలు. అది తలను తలకిందులుగా పెట్టి, నాలుకను పిస్టన్‌లా ఆడించి నీటిని లాగి, ముక్కు అంచుల జల్లెడలో వడగడుతుంది. ఉట్టి జల్లెడే అనుకునేవాళ్లం ఇన్నాళ్లూ. 2025లో వచ్చిన ఒక అధ్యయనం, అది పాదాలతో తొక్కుతూ, తలను ఒక్కసారిగా పైకి లాగుతూ, ముక్కును టకటకలాడిస్తూ నీళ్లలో చిన్న చిన్న సుడులు పుట్టించి జీవుల్ని నోటి దగ్గరికి తెచ్చుకుంటోందని చూపించింది.

మూడు సన్న పిట్టల తగువు

కొత్తవాళ్లు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే. గ్రీన్‌షాంక్, మార్ష్ శాండ్‌పైపర్, రెడ్‌షాంక్. మూడూ సన్నటివి, ఏ చెరువులో చూసినా కలిసే తిరుగుతాయి. రెండు చలికాలాలు నేను మార్ష్ శాండ్‌పైపర్‌ను గ్రీన్‌షాంక్ అని నోటుబుక్కులో రాసుకున్నాను. పక్కన కొలిచి చూసుకోడానికి ఇంకో పిట్ట లేకపోతే సైజు మోసం చేస్తుంది మరి. రెండింటికీ పచ్చటి కాళ్లు, తెల్ల పొట్ట, ఎగిరితే వీపు మీద తెల్లటి త్రికోణం.

నా కళ్లు తెరిపించింది వాటి నడక. మార్ష్ శాండ్‌పైపర్ ముక్కు నిటారుగా, సూదిలా ఉంటుంది. స్టిల్ట్‌ను కుదించి పచ్చకాళ్లు తొడిగితే ఎలా ఉంటుందో అలా. నిలకడగా నడుస్తూ నీటి మీద టక్ టక్ మని ఏరుకుంటుంది, తరచూ స్టిల్ట్‌ల గుంపులోనే కలిసి మేస్తుంది. గ్రీన్‌షాంక్ ముక్కు మొదట్లో దళసరి, కొస రవ్వంత పైకి. అది ఉన్నట్టుండి పిచ్చెక్కినట్టు పరుగు తీస్తుంది. ముక్కు నీళ్లలో పెట్టి, ఎడాపెడా మలుపులు తిరుగుతూ చిన్న చేపల్ని తరుముతుంది. ఆ పరుగు ఒక్కసారి కనిపించిందంటే ఇంకేం చూడనక్కర లేదు. లేచిపోతూ "ట్యూ ట్యూ ట్యూ" అని మూడు గట్టి కేకలు వేస్తుంది.

రెడ్‌షాంక్ సులువు, నారింజ ఎరుపు కాళ్లు, ఎగిరితే రెక్కల వెనక అంచున వెడల్పాటి తెల్ల పట్టీ. నోరు మహా దురుసు, మనిషి అలికిడికి మొదట అరిచి చెరువంతా ఖాళీ చేయించేది అదే. ఫోటోలు తీసేవాళ్లు దాన్ని తిట్టుకోని రోజుండదు. స్పాటెడ్ రెడ్‌షాంక్‌కూ ఎర్ర కాళ్లే, ముక్కు మాత్రం ఇంకా పొడుగు, సన్నం, రెక్కకు ఆ తెల్ల పట్టీ ఉండదు. అది పొట్ట దాకా నీళ్లలోకి దిగి ఈదుతుంది, గుంపుగా బాతుల్లా తోకలు పైకెత్తి మేస్తుంది. రెడ్‌షాంక్ ఒడ్డు పిట్ట, స్పాటెడ్ లోతు పిట్ట.

రఫ్ గురించి ఎక్కువ చెప్పను. పొట్టి ముక్కు, చిన్న తల, పొడుగు మెడ. మగది ఆడదానికన్నా బాగా పెద్దది, కాళ్ల రంగు ఒక్కో పిట్టకు ఒక్కోలా. ఏ పిట్టా కాదని తేలాక మిగిలేది చాలాసార్లు అదే.

ఇదంతా చూడాలంటే పెద్ద పరికరాలేం అక్కర్లేదు. 8×42 బైనాక్యులర్ చాలు. పొద్దున్నే వెళ్లి సూర్యుడు మీ వీపు వైపున ఉండేలా నిలబడండి, పది దాటితే బురద మీద ఎండమావి లేచి అన్ని కాళ్లూ వణుకుతాయి. మొదటి ఐదు నిమిషాలు పేరు వెతకొద్దు. ఒకే పిట్టను పట్టుకుని అది ఏరుతోందా, గుచ్చుతోందా, కోస్తోందా, తరుముతోందా అని చూడండి.

చుక్క ఎక్కే నిచ్చెన

పొడుగు ముక్కు పిట్టలకు ఇంకో ఇబ్బంది ఉంది, ఎవరికీ తోచనిది. ముక్కు కొసకు చిక్కిన తిండి గొంతు దాకా చేరేదెలా? పురుగైతే పైకెగరేసి అందుకోవచ్చు. నీటిచుక్కలో ఈదే ఆవగింజంత జీవినేం చేయాలి? నాలుక కొస దాకా రాదు. చప్పరించడానికి పెదాలు లేవు.

రెడ్ నెక్డ్ ఫలరోప్ అనే చిన్న పిట్ట మీద చేసిన పరిశోధనలో జవాబు దొరికింది. ఇది నీళ్ల మీద బొంగరంలా గిరగిరా తిరిగి, కిందినుంచి జీవుల్ని పైకి రప్పించుకుంటుంది. ముక్కు కొసన నీటిచుక్కను పట్టుకుని, ముక్కును కొద్దిగా తెరిచి మూస్తుంటే చుక్క నోటి వైపు ఎక్కుతుంది. భూమ్యాకర్షణ కిందికి లాగుతున్నా ఎక్కుతుంది. ముక్కు తెరుచుకున్నప్పుడు చుక్క సాగి కింది అంచు జరుగుతుంది, మూసుకున్నప్పుడు నొక్కుకుని పై అంచు ముందుకు పోతుంది, వెనక్కి జారకుండా ముక్కు ఉపరితలం పట్టి ఉంచుతుంది. మెట్టు మెట్టుగా. 2008లో మను ప్రకాశ్, మరో ఇద్దరు శాస్త్రవేత్తలు లోహంతో నమూనా ముక్కులు చేసి దీని వెనక భౌతికశాస్త్రాన్ని వివరించారు. సన్నటి ముక్కున్న ఒడ్డు పిట్టలు ఇంకొన్ని కూడా ఈ కిటుకునే వాడతాయి.

ఈ నిచ్చెనకు ఒక బలహీనత ఉంది. అది నీటి తలతన్యత మీద, ముక్కుకు నీరు ఎంత అంటుతుందన్న దాని మీద ఆధారపడి ఉంది. నూనె గానీ సబ్బు నురగ గానీ కలిస్తే చుక్క జారిపోతుంది. నీటి మీద కంటికి కనపడనంత పలచటి పొర చాలు, తిండి ముందున్నా నోటికి అందదు.

అలాగని స్టిల్ట్‌లు వందలుగా చేరాయి కనక ఆ చెరువు బాగుందనుకోవడం పొరపాటు. మురుగు కలిసిన చెరువులో ఆక్సిజన్ తగ్గి చేపలు పోయినా, మురుగుకు ఓర్చుకునే దోమజాతి లార్వాలు కుప్పతెప్పలుగా పెరుగుతాయి. స్టిల్ట్‌కు కావలసింది అదే. హైదరాబాదు శివార్లలో నురగ తేలే చెరువులో స్టిల్ట్‌ల గుంపును చూసి పక్షుల స్వర్గమని రాసేవాళ్లు, ఆ గుంపులో చేపను తరిమే గ్రీన్‌షాంక్ ఒక్కటైనా ఉందా అని ముందు చూస్తే బాగుంటుంది.

నీటి లోతు సంగతి కొల్లేరు చుట్టుపక్కల ఇంకా తేటగా కనిపిస్తుంది. కొల్లేరు సహజంగా పల్లపు సరస్సు, ఏటా నిండి ఏటా అంచుల నుంచి తీసేది. ఆ తీసే అంచే ఈ పిట్టల పొలం. చేపల చెరువులు వచ్చాక నీరు తక్కువయిందని కాదు, గట్టు దగ్గర్నుంచే నిలువు లోతు వచ్చింది. మనిషి నడుం దాటే నీళ్లలో స్టిల్ట్ కూడా నిలబడలేదు. 2006లో సరస్సు లోపలి చెరువులను పెద్ద ఎత్తున కొట్టేశారు, అయినా చుట్టూ ఇప్పటికీ గట్ల గళ్లే. పైనుంచి చూస్తే నీళ్లే నీళ్లు, కాలు పెట్టే చోటు లేదు.

అదే చెరువు పట్టుబడికి నీళ్లు తోడేస్తున్న రోజున వెళ్లండి. మోటారు ఆడుతుంటే నీరు జానెడు జానెడు దిగుతుంది. ముందుగా కొంగలు దిగుతాయి, మిగిలిపోయిన చేపల కోసం. నీరు జానెడు లోతుకు వచ్చేసరికి ఎక్కడినుంచి చూశాయో స్టిల్ట్‌లు వాలతాయి. ఇంకాస్త దిగాక గాడ్‌విట్‌లు వచ్చి రోకలి పోటు మొదలుపెడతాయి. గ్రీన్‌షాంక్ పక్కల్లో మిగిలిన చిన్న చేపల్ని తరుముతుంటుంది. మర్నాటికి బురద బయటపడి, అంచుల్లో లిటిల్ స్టింట్‌లు ఎలుకపిల్లల్లా పరుగెడుతుంటాయి, ప్లవర్లు నాలుగడుగులకోసారి ఆగుతుంటాయి. మూడో రోజుకు బురద పైన పెచ్చులు కడుతుంది, ముక్కు మతం వాళ్లు వెళ్లిపోతారు. వారం తిరిగేసరికి నేల నెర్రెలిస్తుంది. దాని మీద తీతువు ఒక్కటే, నాలుగడుగులు వేసి, ఆగి, మన వైపు చూసి అరుస్తుంది.